ప్రాసెసర్ ఒక్కటే మార్చాలి: నల్గొండలో కొనాలా, సీటీసీకి పోవాలా?

బత్తాయితోట, నల్గొండ
సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్తే. నేను ఇక్కడ ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. సిస్టమ్ ఓనర్‌ది, ఆలస్యమైతే పడే తిట్లు నావి. ఉన్నది రైజెన్ 3 2200జి, బి450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే రోజుకో పెళ్లి వచ్చి పడుతుంది. ఈ డబ్బా ఏమో టైమ్‌లైన్ జరిపితే చాలు, నీళ్లలో నడిచినట్టు నడుస్తుంది. పైగా విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్ పనికిరాదని మెసేజ్ వస్తోంది.

నెల రోజులు వెంటపడితే ఓనర్ ఒప్పుకున్నాడు. 13 వేలు దాటొద్దన్నాడు. బోర్డు, ర్యామ్ అవే ఉంచి రైజెన్ 5 5600 వేద్దామని నా ఆలోచన. క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో అడిగితే బిల్లుతో 12,800, బిల్లు లేకుండా 12,000 అన్నారు. ఆన్‌లైన్‌లో 11,400 చూపిస్తోంది. కానీ మా ఓనర్ ఆన్‌లైన్ నమ్మడు. "చేతిల పట్టుకొని చూసినంకనే పైసలియ్యాలె" అంటాడు. కాబట్టి దుకాణంలోనే కొనాలి. ఇక్కడే తీసుకోవాలా, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పోవాలా? మంచి రేటు ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి?


సాగర్‌గేట్లు, హాలియా
సోమవారం, రాత్రి 10:05

ఇందులో ఆలోచించేదేముంది? బిల్లు లేకుండా తీసుకో, 800 మిగుల్చుకో. ఆ 800తో బిర్యానీ తిని ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా పడుకో.


రైస్‌మిల్లు, మిర్యాలగూడ
సోమవారం, రాత్రి 10:31

హాలియా తమ్మీ, నీ సలహా వింటే కొంప మునుగుతుంది. నేను మిల్లులో లెక్కలు రాసేవాణ్ని. ప్రాసెసర్ గురించి నాకేమీ తెలియదు కానీ బిల్లు గురించి చెప్పగలను.

ప్రాసెసర్ మీద జీఎస్టీ 18 శాతం. 12,800లో వస్తువు ధర 10,847, పన్ను 1,953. బిల్లు వద్దంటే నీకు తగ్గించింది 800. మిగతా 1,153 సంగతేమిటి? రేపు చిప్పు పోతే ఆ షాపులో కొన్నావనడానికి నీ దగ్గర చీటీ ముక్క కూడా ఉండదు.

అసలు మాట ఇది: మీ ఓనర్‌కు జీఎస్టీ నంబర్ ఉందా? రెగ్యులర్‌లో ఉంటే స్టూడియో పేరుతో, ఆ నంబర్ వేయించి ట్యాక్స్ ఇన్‌వాయిస్ తీసుకో. కట్టిన 1,953 ఆయన కట్టాల్సిన పన్నులో ఇన్‌పుట్ కింద తగ్గుతుంది. అంటే 12,800 బిల్లు ఆయనకు పడేది 10,847కే. బిల్లు లేని 12,000 కన్నా ఇదే చవక. బేరం కూడా ఆడనక్కర్లేదు.


న్యూటౌన్_కౌంటర్, మహబూబ్‌నగర్
సోమవారం, రాత్రి 11:10

మిర్యాలగూడ అన్నా, ఆ 1,153 మొత్తం మా గల్లాపెట్టెలో పడుతుందన్నట్టు రాశారు. నాది ఇక్కడ చిన్న కంప్యూటర్ షాపు. డిస్ట్రిబ్యూటర్ నాకు కూడా 18 శాతం వేసే ఇస్తాడు. బిల్లుతో కొన్న సరుకును బిల్లు లేకుండా అమ్మితే నా లెక్కల్లో ఆ స్టాకు అట్లాగే నిలబడిపోతుంది. అందుకే బిల్లు లేకుండా అమ్మేవాడు చాలాసార్లు బిల్లు లేకుండానే కొని ఉంటాడు. ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి సిస్టమ్‌లోంచి ఊడదీసింది, డబ్బా పీసా, ట్రే పీసా? కొనేవాడు అడగాల్సింది అది.

ట్రే అంటే, సిస్టమ్‌లు తయారుచేసే కంపెనీలకు ట్రేలలో పేర్చి పంపే చిప్పులు. డబ్బా ఉండదు, ఫ్యాను ఉండదు. చిప్పు అదే, స్పీడు అదే. డబ్బా పీసుకు 3 ఏళ్లు కంపెనీ వారంటీ ఉంటుంది. ట్రే పీసుకు అమ్మినవాడే దిక్కు, వాడు షట్టర్ దించేస్తే దేవుడే దిక్కు. ఎవరైనా ఉన్నట్టుండి వెయ్యి తగ్గిస్తానంటే ముందు "డబ్బా ఏది?" అని అడగండి.

ఇక నల్గొండ రేటు ఎక్కువనిపించడం సహజం. ఊళ్లో షాపువాడు ఆ మోడల్ ఒకటో రెండో తెప్పించి పెట్టుకుంటాడు. ఆరు నెలలు అమ్ముడుపోకపోతే రేటు పడిపోయి వాడి నెత్తిన కూర్చుంటుంది. నా సంగతి చెప్తున్నాను, ఒక్క ప్రాసెసర్ అమ్మితే నాకు మిగిలేది రెండు మూడు వందలు. మేం బతికేది క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, కీబోర్డు, యూపీఎస్‌ల మీద. అందుకే ప్రాసెసర్ ఒక్కటే కావాలని వచ్చినవాణ్ని చూస్తే మా మొహంలో కళ ఉండదు. తప్పు మీది కాదు, మాదీ కాదు.


బత్తాయితోట, నల్గొండ
మంగళవారం, ఉదయం 8:20

ఓనర్‌ను అడిగాను. జీఎస్టీ నంబర్ ఉంది, రెగ్యులరే. ప్రతి నెలా ఆడిటర్‌కు ఫీజు కడుతున్నా ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదని ఇప్పుడు ఆయన మీద కోపంగా ఉన్నాడు. లెక్కలన్నా, స్టూడియోలో నా విలువ పెంచారు.

ఇంకొకటి. ఒకాయన 5600 వద్దు, 5700ఎక్స్ తీసుకో, లేదంటే మొత్తం డీడీఆర్5కి మారిపో అంటున్నాడు. ఏది మంచిది?


జడ్చర్ల_జంక్షన్, జడ్చర్ల
మంగళవారం, ఉదయం 9:03

డీడీఆర్5 మాట మరిచిపో. దానికోసం ఏఎం5 అనే కొత్త సాకెట్‌కి వెళ్తే బోర్డు, ర్యామ్ రెండూ మార్చాలి. ఏఐ సర్వర్ల కోసం మెమొరీ అంతా అటే పోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. నీ దగ్గరున్న 16 జీబీ డీడీఆర్4ని బంగారంలా చూసుకో.

5600కి 6 కోర్లు, 12 థ్రెడ్లు. 5700ఎక్స్‌కి 8, 16. రెండూ 65 వాట్లే, రెండూ నీ బోర్డులో కూర్చుంటాయి. కానీ 5700ఎక్స్ డబ్బాలో ఫ్యాను రాదు, 5600 డబ్బాలో వస్తుంది. షాపువాళ్లు రేటు చెప్పేటప్పుడు ఫ్యాను సంగతి చెప్పరు, బిల్లు దగ్గర కూలర్ అంటగడతారు. 13 వేల బడ్జెట్‌లో 5600తో ఆగిపో.

అసలు ప్రశ్న నేను అడుగుతాను. మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తుంది? 10-బిట్ 4:2:2 హెచ్.265 (రంగుల వివరం ఎక్కువగా దాచే వీడియో రకం) అయితే కథ వేరు. ఆ ఫైళ్లను విప్పే పని నీ 1650కి రాదు. 5600లో అసలు గ్రాఫిక్సే లేవు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చిన డెస్క్‌టాప్ చిప్పుల్లోని గ్రాఫిక్స్ మాత్రం వాటిని అవలీలగా విప్పుతాయి. అప్పుడు ఐ5-12400 మంచిది, అదీ చివర "ఎఫ్" లేనిది. 12400ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండవు, అది తెస్తే మళ్లీ మొదటికే. నాలుగైదు వందలు తక్కువని ఎఫ్ తెచ్చుకుని, కార్డు లేని సిస్టమ్‌లో వేసి, డిస్‌ప్లే రావట్లేదని నా దగ్గరికి నెలకొకరైనా వస్తారు. బోర్డుకు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంది కదా సార్ అంటారు. రంధ్రం ఉంది, దాని వెనక ఎవరూ లేరు.

ఏఎండీలో కూడా ఇదే గోల. 5500, 5600, 5600జి అని పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. వీటిలో జి ఉన్నదానికే గ్రాఫిక్స్ ఉంటాయి. 5600కి ఎల్3 క్యాష్ (చిప్పు లోపలే ఉండే చిన్న మెమొరీ) 32 ఎంబీ, మిగతా రెండింటికీ 16. చిప్పు వేశాక సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఈ ఒక్క అంకె చూసుకుంటే నీకు అంటగట్టింది ఏదో తెలిసిపోతుంది.


బత్తాయితోట, నల్గొండ
మంగళవారం, ఉదయం 9:40

మా కెమెరాలు పాతవి అన్నా, 8-బిట్ 4:2:0నే. అయితే 5600 ఖాయం.


దేవరకొండ_టు_డల్లాస్
మంగళవారం, ఉదయం 10:15

ఇక్కడ రాత్రి, నిద్ర పట్టక మీ ముచ్చట చదువుతున్నా. డల్లాస్‌ దగ్గర మైక్రో సెంటర్ అనే పెద్ద కంప్యూటర్ దుకాణం ఉంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి కాంబో పెడతారు. ఆ రేటు విడిగా కొంటే ఎక్కడా రాదు. కానీ ఇంటికి పంపరు, దుకాణానికి వచ్చే తీసుకోవాలి. ఆఫర్ పెట్టిన శనివారం అక్కడ జనాన్ని చూస్తే మా ఊరి అంగడి గుర్తొస్తుంది. సగం మంది తెలుగువాళ్లే.

న్యూటౌన్ అన్న చెప్పిన కిటుకే అక్కడా నడుస్తుంది. చిప్పు మీద లాభం చూసుకోరు. చిప్పు కోసం అంతదూరం వచ్చినవాడు చేతులూపుకుంటూ పోడని వాళ్లకు తెలుసు. నేను ఒక ప్రాసెసర్ కోసం వెళ్లి మౌస్, మూడు కేబుళ్లు, ఒక కుర్చీతో బయటికి వచ్చాను. కుర్చీ ఎందుకని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది.


పాలమూరు_పిల్ల, వనపర్తి
మంగళవారం, మధ్యాహ్నం 1:25

సీటీసీకి పోవాలా వద్దా అన్నదానికి నా దగ్గర వేరే లెక్క ఉంది. నాకు ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కాబట్టి 300 తేడా ఉన్నా నాకు సికింద్రాబాద్ గిట్టుబాటే. మగవాళ్లు మీ రానుపోను ఛార్జీ, భోజనం కలుపుకుని చూసుకోండి.

పోయిన నెల తమ్ముడి సిస్టమ్‌కు ఐ3-12100 కోసం వెళ్లాను. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో లైను మారితే తర్వాతి స్టేషనే ప్యారడైజ్. అక్కడి నుంచి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నడక దూరం. నల్గొండ నుంచి అయితే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారొచ్చు. ఆదివారం పోకండి, చాలా షాపులు తెరవరు. పొద్దున్నే పోయినా లాభం లేదు, పదకొండు దాటితే గానీ షట్టర్లు లేవవు.

కింద మెట్ల దగ్గర "మేడమ్, ల్యాప్‌టాపా? సీపీయూనా? రండి చూపిస్తా" అని వెంటపడేవాళ్లుంటారు. వాళ్లతో వెళ్తే వాళ్ల కమీషన్ మన బిల్లులో ఎక్కుతుంది. నేరుగా లోపలికి పోండి. మొదటి షాపాయన నన్ను చూసి "ఎవరైనా తెలిసినవాళ్లను తీసుకురామ్మా" అన్నాడు. "ఐ3-12100, ఎఫ్ లేనిది, డబ్బా పీసు, జీఎస్టీ బిల్లుతో, చివరి రేటు చెప్పండి" అన్నాను. మాట మారింది. ఐదు షాపుల్లో ఇదే వాక్యం అప్పజెప్పాను. ఒకచోట స్టాకు లేదు, ఒకచోట బోర్డుతో కలిపితేనే ఇస్తామన్నారు. మిగిలిన మూడు షాపుల మధ్య తేడా 900! అదే వరండా, అదే చిప్పు.

కార్డు గీస్తే 2 శాతం అదనం అన్నారు. యూపీఐ చేశాను. డబ్బా మీద ఎంఆర్‌పీ చూసి సంబరపడకండి. ఎంఆర్‌పీ చాలా ఎక్కువ వేసి ఉంటుంది, దాని మీద "ఇంత తగ్గించా" అని చెప్పడం వాళ్ల అలవాటు. ఆ స్టిక్కర్‌లో చూడాల్సింది దిగుమతి చేసినవాళ్ల పేరు, ఏ నెలలో వచ్చిందన్నది. ఆ స్టిక్కరే లేకపోతే ఆ డబ్బా ఏ దారిన వచ్చిందో అనుమానించాల్సిందే.


లతీఫ్‌గుట్ట, నల్గొండ
మంగళవారం, సాయంత్రం 6:48

అందరూ తెలివైన కథలు చెప్తున్నారు, నా తెలివితక్కువ కథ కూడా వినండి. మాది చిన్న డీటీపీ సెంటర్. రెండేళ్ల కింద ఒక షాపులో (పేరు వద్దులెండి, ఆయనకూ పిల్లలున్నారు) "ఐ7 సిస్టమ్, 16 వేలు" అని బోర్డు పెట్టాడు. ఐ3కే పాతిక వేలు అంటున్న రోజుల్లో ఐ7 16 వేలా అని పరుగెత్తాను. కొత్త క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు. ఇంటికొచ్చి పసుపు కుంకుమ పెట్టి స్విచ్ వేశాను.

మూడు నెలల తర్వాత మా అల్లుడు వచ్చి చూశాడు. ఐ7-2600. 2011లో వచ్చిన చిప్పు. పేరులో ఐ7 ఉంది, అబద్ధమేమీ లేదు. కానీ అది రెండో జనరేషన్. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే లెక్క. వనపర్తి అమ్మాయి కొన్న ఐ3-12100కీ దానికీ కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. అయినా ఆ ఐ3 ముందు నా ఐ7 తాత. షాపుకు వెళ్లి అడిగితే "ఐ7 అని చెప్పాను, ఐ7 ఇచ్చాను" అన్నాడు. కాదనలేకపోయాను. బిల్లు చూద్దామంటే "ఎస్టిమేట్" అని అచ్చువేసిన పసుపు చీటీ. దాని మీద షాపు పేరు కూడా సరిగా లేదు.


సాగర్‌గేట్లు, హాలియా
మంగళవారం, రాత్రి 7:02

లైట్లు ఇంకా వెలుగుతున్నాయా పెద్దాయనా?


లతీఫ్‌గుట్ట, నల్గొండ
మంగళవారం, రాత్రి 7:10

రెండు పోయాయి.


రైస్‌మిల్లు, మిర్యాలగూడ
మంగళవారం, రాత్రి 8:36

ఎస్టిమేట్ చీటీ బిల్లు కాదు, దాన్ని పట్టుకుని ఎక్కడికీ పోలేం. పక్కా బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లాయర్ లేకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు.

బత్తాయితోట తమ్మీ, ఇంకో మెలిక ఉంది, చెప్పడం మరిచాను. ఆ క్లాక్ టవర్ షాపువాళ్లు ఇచ్చే బిల్లు ఎలా ఉంటుందో పాతది ఒకటి చూపించమను. పైన "ట్యాక్స్ ఇన్‌వాయిస్" అని ఉండాలి. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి, మన తెలంగాణది 36తో మొదలవుతుంది. "బిల్ ఆఫ్ సప్లై" అని ఉంటే వాళ్లు కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులకు ఉండే వేరే జీఎస్టీ పద్ధతిలో ఉన్నట్టు. అట్లాంటివాళ్లు మన దగ్గర పన్ను వసూలు చేయకూడదు, మనకు ఇన్‌పుట్ కూడా రాదు.


బత్తాయితోట, నల్గొండ
బుధవారం, మధ్యాహ్నం 12:15

అన్నా, మీ నోట్లో చక్కెర పోయాలి. ఇప్పుడే వెళ్లి చూశాను. "బిల్ ఆఫ్ సప్లై" అనే ఉంది! మరి బిల్లుకు 800 ఎక్కువ ఎందుకని అడిగితే "అది మా సర్వీస్ ఛార్జీ" అన్నాడు. ఏ సర్వీసో చెప్పలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

రామగిరి వైపు ఇంకో షాపులో అడిగాను. ఆయన ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తానన్నాడు, 12,500. స్టాకు లేదు, రెండు రోజుల్లో తెప్పిస్తాడట.


న్యూటౌన్_కౌంటర్, మహబూబ్‌నగర్
బుధవారం, మధ్యాహ్నం 2:50

తెప్పించేది సీటీసీ నుంచే, ఆర్టీసీ కార్గోలో. మేమంతా చేసే పనే. 12,500 అన్యాయమైన రేటు కాదు, చిప్పు బిగించి బయోస్ (బోర్డులో ఉండే, సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) కూడా ఆయనే చూస్తానంటే ఆలోచించు.

సీటీసీకే పోతే మాత్రం రెండు మాటలు. నెలాఖరు వారంలో పో. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన టార్గెట్‌కు నాలుగైదు పీసులు తక్కువైన షాపువాడు వంద రూపాయల లాభానికైనా వదిలించుకుంటాడు. రెండోది బోణీ. షట్టర్ లేపి అగర్‌బత్తి తిప్పిన గంటలోపు వెళ్లు. మొదటి బేరాన్ని వెనక్కి పంపడం ఏ దుకాణదారుడికీ ఇష్టం ఉండదు. కానీ కొనే ఉద్దేశం ఉంటేనే అడుగు. ఊరికే రేట్లు కనుక్కోవడానికి బోణీ వేళ వెళ్లి, అరగంట బేరమాడి, "మళ్లీ వస్తా" అని లేచిపోయేవాళ్లను చూస్తే ఆ రోజంతా మనసు పాడవుతుంది. ఇది మా దుకాణదారుల గోడు, రాసుకోనివ్వండి.

ఆన్‌లైన్ రేటు ఫోనులో చూపించడం తప్పు కాదు. అయితే బ్యాంకు కార్డు ఆఫర్ తీసేసిన అసలు రేటు చూపించు. ఆఫర్‌తో వచ్చే రేటు చూపిస్తే "అక్కడే కొనుక్కో బాబూ" అంటాం.


బత్తాయితోట, నల్గొండ
బుధవారం, రాత్రి 9:30

ఆల్బమ్‌ల ప్రింటింగ్ కోసం శుక్రవారం ఎలాగూ హైదరాబాద్ ల్యాబ్‌కు పోవాలి. ఆ ఛార్జీలు ఓనర్‌వే. నెలాఖరు కూడా. వెళ్తున్నా.


జడ్చర్ల_జంక్షన్, జడ్చర్ల
బుధవారం, రాత్రి 10:12

కొత్త చిప్పు తెచ్చాక సంబరంలో పాతది పీకేయకు. ముందు 2200జి ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యి. నీ బోర్డు కంపెనీ సైట్‌లో ఏ వర్షన్ నుంచి 5600 నడుస్తుందో రాసి ఉంటుంది. పాత బయోస్ మీద 5600 పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. చిప్పు చచ్చిందని షాపుకు పరుగెత్తుతావు.

నీ బోర్డు సాకెట్ ఏఎం4. అందులో పిన్నులు చిప్పుకే ఉంటాయి, 1331. ఫ్యాను లాగేటప్పుడు ఎండిపోయిన పేస్టుకు అతుక్కుని చిప్పు కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది. పది నిమిషాలు సిస్టమ్ నడిపి, వేడి మీద ఆపేసి, ప్లగ్గు తీసి, ఫ్యానును అటూ ఇటూ తిప్పుతూ తియ్యి. నేరుగా పైకి లాగకు. వంగిన పిన్ను వారంటీలోకి రాదు. కౌంటర్ దగ్గరే కొత్త చిప్పును పక్కనుంచి, వెలుతురులో, వరసలు తిన్నగా ఉన్నాయో లేదో చూడు.


బత్తాయితోట, నల్గొండ
శుక్రవారం, రాత్రి 11:47

తెచ్చాను! బస్సులోంచే రాద్దామనుకున్నా, నార్కట్‌పల్లి దాటేదాకా నిద్రపోయాను.

11:15కి సీటీసీలో ఉన్నాను. వనపర్తి అక్క చెప్పిన వాక్యమే: "రైజెన్ 5 5600, జి కాదు, డబ్బా పీసు, జీఎస్టీ నంబర్ వేసి బిల్లు, చివరి రేటు". మొదటి షాపు 11,900. రెండో షాపు "ప్రాసెసర్ ఒక్కటే ఇవ్వం, బోర్డుతో తీసుకో". మూడో షాపులో 10,600 అన్నాడు. గుండె ఝల్లుమంది. డబ్బా ఏదన్నా అంటే నవ్వి, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న చిప్పు తీశాడు. ట్రే పీసు. వారంటీ ఎంతంటే "నేనున్నా కదా" అన్నాడు. న్యూటౌన్ అన్న గుర్తొచ్చాడు.

నాలుగో షాపు మూలలో, రెండు బల్లలంత ఉంటుంది. ముసలాయన అప్పుడే దేవుడి పటానికి దండ వేస్తున్నాడు. 11,600 అన్నాడు. "బోణీ చేస్తా, 11,000కి ఇవ్వండి" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, కాలిక్యులేటర్ మీద ఏదో కొట్టి, 11,250 దగ్గర ఆగాడు. ఇంకో యాభై అడగబోయి మానుకున్నాను. యూపీఐ చేస్తే ఆ సౌండ్ బాక్సుకు కూడా దండం పెట్టాడు.

బిల్లు రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. స్టూడియో నంబర్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు, పట్టుకుని మార్పించాను. డబ్బా పక్కన చిన్న కిటికీలోంచి చిప్పు మీద పేరు కనిపిస్తుంది. 5600 అని చదువుకున్నాను, సీల్ చూసుకున్నాను, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకున్నాను. వాళ్ల ముందే సీల్ కోసి పిన్నులు చూశాను, తిన్నగా ఉన్నాయి. లెక్కలన్నా, 11,250లో ఇన్‌పుట్ ఎంత వస్తుంది?


రైస్‌మిల్లు, మిర్యాలగూడ
శనివారం, ఉదయం 6:30

1,716. ఓనర్‌కు పడింది 9,534. షాపువాళ్లు రిటర్నులో చూపించాక పోర్టల్‌లో కనబడుతుంది, అప్పటిదాకా బిల్లు జాగ్రత్త.


బత్తాయితోట, నల్గొండ
ఆదివారం, ఉదయం 10:08

నిన్న రాత్రి పని అయింది. బయోస్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి అప్‌డేట్ మొదలుపెట్టాను. 40 శాతం దగ్గర ఫ్యాను నెమ్మదైంది, ట్యూబులైటు మినుకుమంది, కరెంటు పోయింది. యూపీఎస్ "కుయ్ కుయ్" మంటోంది. దాని బ్యాటరీ ఎప్పటిదో ఓనర్‌కు కూడా తెలియదు. ఇద్దరం మాట్లాడకుండా ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. 63, 71, 88. ఓనర్ మెల్లగా యాదగిరి నరసింహస్వామికి మొక్కాడు. 100 వచ్చి సిస్టమ్ రీస్టార్ట్ అయ్యాక కానీ ఊపిరి తీసుకోలేదు. కరెంటు ఇంకో గంటకు వచ్చింది.

చిప్పు మార్పు మాత్రం సాఫీగా జరిగింది. వేడి మీద తిప్పితే ఫ్యాను ఒక్కటే వచ్చింది. సీపీయూ-జెడ్‌లో ఎల్3 32 ఎంబీ. విండోస్ 11 ఏ పేచీ లేకుండా ఎక్కింది. గంట పైగా పట్టే సంగీత్ వీడియో అరగంటలోపే బయటికి వచ్చింది. ఇప్పుడు ఓనర్ రోజుకు రెండు వీడియోలు చెయ్యమంటున్నాడు.


సాగర్‌గేట్లు, హాలియా
ఆదివారం, ఉదయం 10:20

అందుకే పడుకోమన్నా.


లతీఫ్‌గుట్ట, నల్గొండ
ఆదివారం, ఉదయం 11:05

తమ్మీ, నీ పాత 2200జి ఏం చేస్తున్నావు? నా తాత ఐ7 కన్నా నయమేనా?


జడ్చర్ల_జంక్షన్, జడ్చర్ల
ఆదివారం, ఉదయం 11:31

పెద్దాయనా, అది మీ బోర్డులో పట్టదు, విండోస్ 11కి అది కూడా పనికిరాదు. బోర్డు, ర్యామ్ కొనాల్సి వస్తుంది. డీటీపీ పనికి మీది ఇంకొన్నాళ్లు లాగించి, కొనేటప్పుడు ఇక్కడ ఒక మాట అడగండి.


పాలమూరు_పిల్ల, వనపర్తి
ఆదివారం, మధ్యాహ్నం 12:40

వచ్చే నెలాఖరుకు మా హాస్టల్ ఫ్రెండ్ కోసం నేను మళ్లీ సీటీసీ పోతున్నా. అంకుల్, మోడల్ పేరు చెప్తే మీకు కూడా రేటు కనుక్కొస్తా. నాకెలాగూ టికెట్ జీరో. తమ్ముడూ, ఆ దండ వేసే తాత షాపు ఏ మూలన?


బత్తాయితోట, నల్గొండ
ఆదివారం, మధ్యాహ్నం 12:52

మెట్లెక్కగానే ఎడమ వైపు చివరిదాకా వెళ్లక్కా. అగర్‌బత్తి వాసన వస్తుంది.